ముప్పై ఏడో నంబరు మనిషి

నాగిరెడ్డిపేట,
6 మార్చి 2013.

బిడ్డ ఎస్తేరుకు ప్రభువు నామంలో మీ బాపు దీవెనలు. ఇక్కడ నిన్ను కన్న మీ అవ్వ, నేను, బర్రె, దూడ అందరం క్షేమమని రాయడం రివాజు కనుక రాస్తున్నాను. బర్రె, దూడ మాత్రం నిజంగానే క్షేమం.

అవ్వ మోకాళ్ల సంగతి అడిగావు. నువ్వు పంపిన నూనె రాస్తోంది. రాసినంతసేపూ నన్ను తిడుతోంది. "నీరటోనివి! ఊరి మళ్లన్నిటికి నీళ్లిడుస్తవు, ఇంట్ల బిందె ముడ్తవా?" అంటది. పోచారం ప్రాజెక్టు నీళ్లు ఈ యాసంగి పంటకు సరిపోతాయి. వంతు తప్పించి తూము తెరవమని కాలువ చివరి మడి సీతారాం రోజూ కొట్లాటకు వస్తున్నాడు. నేను తెరిస్తే గదా!

ఫోను ఎందుకు ఎత్తడం లేదని రెండుసార్లు రాశావు. గొంతు బొంగురుపోయింది. వింటే వంద ప్రశ్నలు వేస్తావు, అందుకే ఉత్తరం.

ల్యాబులో నీ పని గురించి రాసింది మూడుసార్లు చదివాను. మామూలు కణం ఇన్నిసార్లే చీలాలని ఒక లెక్క ఉంటుందని, టెలోమరేజ్ అనే పదార్థం పుంజుకుంటే ఆ లెక్క చెల్లదని, అన్నవాహికలో క్యాన్సర్ ముదరకముందే అది కనబడవచ్చని రాశావు. అర్థమైంది. వరి తన కాలానికి పండి ఎండుతుంది. తుంగకు కాలం లేదు, పీకినకొద్దీ మొలుస్తుంది. అదొక్కటే చూసి క్యాన్సరని తేల్చకూడదని, మళ్లీ గొంతులోకి గొట్టం వేసి చూడాలని కూడా రాశావు. మంచిది.

ఇక నాకు అప్పజెప్పిన పని. జనవరిలో కామారెడ్డి క్యాన్సర్ క్యాంపులో పరీక్షకని గొంతులోంచి ముక్క తీసినవాళ్లలో ముప్పై ఏడో నంబరుకు ఆ పదార్థం బాగా ఎక్కువుందన్నావు. రాయించిన పేరు రామస్వామి, ఊరు మహమ్మద్‌నగర్, అక్కడ అలాంటి మనిషే లేడన్నావు. "ఇప్పుడు దొరికితే బతుకుతడు బాపూ, నువ్వే జర ఆనవాలు పట్టు" అన్నావు.

వెతకాల్సిన పని లేదు బిడ్డా. ఆ రామస్వామిని నేనే.

క్రిస్మస్ నుంచే నాకు ముద్ద దిగడం లేదు. ఆ ముక్కలు మీ ల్యాబుకే పోతాయని క్యాంపు వరుసలో విన్నాను. సీసా మీద నా పేరు చూస్తే నీకు చేతులు ఆడవని నోటికొచ్చిన పేరు చెప్పాను. ఫలితం అడగడానికి మళ్లీ పోలేదు. భయమేసింది. మీ అవ్వకు పంటినొప్పి అని చెప్పాను. ఇంతలో ఈస్టరు ముందటి శ్రమదినాలు వచ్చాయి, నలభై రోజుల ఉపవాసం పట్టానన్నాను. ఎవ్వరూ అనుమానించలేదు. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరు గారు నన్ను లేపి నిలబెట్టి, "మన యోబు భక్తిని చూసి నేర్చుకోండి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. దేవుణ్ని అడ్డం పెట్టుకుని ఇంటిదాన్ని మోసం చేశాను.

నీ ఉత్తరం రాగానే మీ అవ్వకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. జావ కాచి, చల్లార్చి, ఎదురుగా కూర్చుని చెంచాతో తాగించింది. గిన్నె ఖాళీ అయ్యాక ఏడ్చింది.

మంగళవారం ఇద్దరం నీ దగ్గరికి బయలుదేరుతున్నాం. ఎల్లారెడ్డి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కామారెడ్డికి ఇంకో బస్సు, కామారెడ్డిలో రైలు. ఈసారి సీసా మీద నా పేరే రాయించు. నీ చేతులు వణికితే వణకనీ. నాకింకా బతకాలనుంది బిడ్డా.

ఇట్లు,
నీ బాపు,
యోబు.