పడుగులా బిగించిన వల

పెగడపల్లి,
అక్టోబరు 27, సోమవారం.

నా బాపుకు,

నవంబరు ఎనిమిదో తారీఖున నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆలోగా నీకు నిజం చెప్పాలి. అందుకే రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే ముప్పై ఏళ్ల మరమగ్గాల చప్పుడు నీ చెవులను తినేసింది. నేనొకటి చెబితే నువ్వు "ఆఁ, తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అని ఫోను అమ్మ చేతిలో పెట్టేస్తావు. ఉత్తరమైతే అక్షరం అక్షరం కూడబలుక్కునైనా నువ్వే చదువుతావు.

బాపూ, నేను కరీంనగర్‌లో లేను. టీచరు పరీక్ష కోచింగు మానేసి రెండు నెలలు దాటింది. ఇక్కడ ఒక చెరువు పక్కన పిట్టల పని చేస్తున్నాను. చలికాలానికి ముందు ఎక్కడో ఉత్తరాన చలి దేశాల నుంచి చిన్న చిన్న పిట్టలు మన వైపు వస్తాయి. వాటిని సన్నని వలలో పట్టి, కాలికి నంబరున్న ఉంగరం తొడిగి, తూచి, రాసుకుని వదిలేస్తాం. ఆ నంబరు పిట్ట మళ్లీ ఎక్కడైనా దొరికితే అది ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది. దొంగవేట కాదు, అనుమతి ఉన్న పనే.

నాతో ఉంటూ ఇదే పని చేసే కృపారాణి గొల్లపల్లిలో వాళ్లింటికి పోయింది. ఈ రోజు తెల్లవారుజామున వలలన్నీ నేనొక్కదాన్నే కట్టాను. అరగంటకోసారి పోయి చూశాను. ఏమీ లేదు. మళ్లీ పోయాను, ఏమీ లేదు. పొదల్లో కూతలు వినిపిస్తూనే ఉన్నాయి, వలలో మాత్రం ఎండుటాకులు. గంటల తరబడి మాట్లాడే మనిషి లేక నా అడుగుల చప్పుడు నేనే విన్నాను.

మేకలు తోలుకొచ్చిన రాజక్క అనే ముసలావిడ నన్ను చూసి ఆగింది. "ఏం కొలువే బిడ్డా ఇది? పిట్టలకు కడియాలు చేపిస్తున్నవా? నా మేకలకు గూడ తలా ఒకటెయ్యరాదు?" అని నవ్వింది. తర్వాత నెమ్మదిగా, "ఒక్కదానివే గీ చెట్లల్ల... ఇంట్ల తెలుసా?" అని అడిగింది.

"తెలుసు అవ్వా" అన్నాను.

ఆమె నమ్మింది. నమ్మి పోయింది. దారిన పోయే మనిషికి కూడా అబద్ధం చెప్పాల్సి వచ్చిందే అని అక్కడే కూర్చుండిపోయాను.

పది గంటలకు ఈ పని చూసే మా మనోహర్ సార్ జగిత్యాల నుంచి వచ్చాడు. వలను వేలితో మీటి, "ఎవలు కట్టిండ్రు దీన్ని?" అన్నాడు.

"నేనే సార్."

"వల కట్టినవా, మగ్గానికి పడుగు ఎక్కించినవా? పిట్ట దీనికి తాకి, బంతి లెక్క ఎగిరి పోతది. జర వదులుంచాలె. సంచి లెక్క వేలాడితేనే మెల్లగ అందుల పడ్తది. సిరిసిల్ల బిడ్డవనిపించుకున్నవ్ పో!"

నేనూ నవ్వాను. మగ్గం మీద పడుగు పోగు వదులైతే గుడ్డ చెడుతుందని చిన్నప్పటి నుంచి నీ దగ్గర చూసిందే నా చేతులు చేశాయి. పొద్దుటి నుంచి వచ్చిన పిట్టలను నేనే తిరగ్గొట్టాను.

వలలు సడలించాక ఒకే ఒక్కటి పడింది. గోధుమరంగు పిట్ట, పదకొండు గ్రాములు. కాలికి, రెక్కకి, మెడకి దారాలు చుట్టుకున్నాయి. తెగిన పోగును నువ్వు రెండు వేళ్లతో అందుకుంటావే, అట్లాగే ఒక్కొక్కటీ తప్పించాను. ఇంత తొందరగా, నొప్పి లేకుండా ఎవరూ తియ్యరని సార్ అంటాడు. ఇన్నేళ్ల చదువులో నాకు బాగా వచ్చిన పని ఇదే బాపూ. ఉంగరం తొడిగి అరచెయ్యి తెరిస్తే ఒక్క క్షణం కదలకుండా కూర్చుంది. దాని గుండె నా చర్మానికి తెలిసింది. తర్వాత పోయింది.

ఆ కాగితం ఈ పని గురించే. సంతకం పెడితే రెండేళ్లు ఇక్కడే, ఇట్లాగే. సాయంత్రాలు చాలా కష్టంగా ఉంటాయి. నీకు అబద్ధం చెప్పను, కొన్నిసార్లు ఏడుస్తాను కూడా. అయినా పొద్దున లేవగానే వలల దగ్గరికి పోవాలనిపిస్తుంది.

నాకున్న భయం ఒక్కటే. మగ్గాల షెడ్డులో నిన్ను బాలకిషన్ అనడం మానేసి "టీచరమ్మ బాపు" అని పిలుస్తారని అమ్మ చెప్పింది. ఛాయ్ దగ్గర జలపతి కాక "టీచరమ్మ బాపుకు జర చక్కెరెక్కువ వెయ్యిండ్రి" అంటే నువ్వు తల వంచుకుని నవ్వుతావట. మన ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనొక్కదాన్నే. నా చదువుతో నీకు దక్కింది ఆ పేరొక్కటే. దాన్ని నేను లాక్కుంటున్నాను.

నీ అనుమతి అడుగుదామని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే తెలిసింది, నువ్వు వద్దన్నా సంతకం పెడతాను. అట్లాంటప్పుడు అనుమతి అడగడం మరో అబద్ధం అవుతుంది. అందుకని అడగను. కోపం వస్తే తిట్టు.

ఒక్కటి మాత్రం రాయి. షెడ్డులో వాళ్లకు నువ్వే చెబుతావా, నేను వచ్చి నీ పక్కన నిలబడి చెప్పనా? రమ్మంటే, కాగితం మీద సంతకం పెట్టకముందే బస్సెక్కుతాను. నవంబరు ఏడు, శుక్రవారం లోపల నీ జవాబు నాకు అందాలి. నీ చేతిరాతే కావాలి బాపూ, ఎన్ని తప్పులున్నా సరే.

నీ బిడ్డ,
అనురాధ