చుట్టాల పొయ్యి

ఢిల్లీ

అమ్మకు, నీ చిన్న బిడ్డ స్వరూప దండాలు పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. గోపాల్‌పేటలో నువ్వు, నాయిన, నాయనమ్మ బాగున్నారా? బర్రె ఈనిందా? రోజూ ఫోన్ చేస్తూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. దగ్గు రాగానే నువ్వు ఫోన్ నాయిన చేతికిచ్చేస్తున్నావు. ఉత్తరాన్నయితే అట్లా ఇవ్వలేవు. నిదానంగా కూడబలుక్కుని నువ్వే చదువుకో.

ఇక్కడ చలి బాగా ఉంది. నువ్విచ్చిన దుప్పటి కప్పుకుంటున్నాను, బెంగపడకు. హాస్టల్లో రెండు పూటలా గోధుమ రొట్టెలే. కడుపు నిండుతుంది గానీ జొన్నరొట్టె తిన్నట్టు ఉండదు. పొద్దున్నే గేటు దగ్గర కాపలావాళ్లు కట్టెలు పోగేసి చలి కాచుకుంటారు. ఆ పొగ వాసన తగిలితే నువ్వే గుర్తొస్తావు. మొన్న అక్కడే నిలబడి ఏడ్చాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

నేనేం చదువుతున్నానని ఎవరైనా అడిగితే "కరెంటు చదువు" అంటున్నావట, నాయిన చెప్పి నవ్వాడు. సగం నిజమే. ఎవరింట్లో ఏది మండుతుంది, దానివల్ల గాలికీ వానకూ మనుషులకూ ఏమవుతుంది, ప్రభుత్వం ఏం చేయాలి, ఇదే మా చదువు. పోయిన వారం క్లాసులో పల్లెల్లో వంట సంగతి వచ్చింది. మా ఊళ్లో అందరికీ గ్యాస్ ఉందని గొప్పగా చెప్పాను.

"ఉంది సరే, మీ అమ్మ రోజూ దేని మీద వండుతుంది?" అని అడిగింది మేడం.

"గ్యాస్ మీదే" అన్నాను. ఎంత తడుముకోకుండా అన్నానో!

అన్నాక ఆ రోజు గుర్తొచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే సారు మన వాకిట్లో నిలబడి ఇదే ప్రశ్న అడిగాడు. "గ్యాస్ మీదనే వండుతం సారూ" అన్నావు. నీ వెనక పొయ్యిలో పత్తికట్టె ఇంకా పొగ చిమ్ముతూనే ఉంది. నేను నోరు తెరవబోతే కళ్లతోనే ఆపావు. ఆయన పోయాక, "కట్టెల మీద అంటే మనల్ని తక్కువ జూస్తరు బిడ్డా. చుట్టాలొస్తే చాయ్ గ్యాస్ మీదనే పెడ్తం గద, గిండ్ల అబద్ధమేంది?" అన్నావు. చుట్టాలు గడప దాటి పోగానే ఆ గ్యాస్ పొయ్యి తుడిచి, పూల గుడ్డ కప్పేదానివి.

ఇదంతా గుర్తొస్తే నీమీద కోపం రాలేదమ్మా, నామీదే వచ్చింది. మర్నాడు ఇక్కడి క్లాసులో లేచి నిజం చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఇట్లాంటి ఇళ్ల గురించే రాయమంది మేడం. రాస్తాను. కానీ నువ్వక్కడ దగ్గుతుంటే, ఆ పొగ గురించి రాసి మార్కులు తెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు.

అందుకే రెండు మాటలు విను. ఈ వారమే నాయినను తీసుకుని వనపర్తి దవాఖానకు పో. "జర దగ్గే, అదే పోతది" అనకు. రెండోది, రోజూ గ్యాస్ మీద వండు. రొట్టె పొంగదంటావు, పొంగకపోతే పొంగకపోనీ. నాయిన గొణిగితే నా పేరు చెప్పు.

నాయనమ్మకు దండాలు చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే చింతకాయ తొక్కు పంపు. మీ దీవెన ఉంటే ఈ చలి నన్నేం చేయదు.

గ్యాస్ మీద వండుతున్నావా అని నిన్న ఫోన్లో అడిగితే ఏమన్నావు? "సిలిండర్ నిండ ఉన్నది బిడ్డా, నువ్వొచ్చినంక వాడుదం." ఆ మాట విన్నాకే ఈ కాగితం తీశాను. పూల గుడ్డ ఇవాళే తీసెయ్. నేను చుట్టాన్ని కాదమ్మా.

నీ బిడ్డ
స్వరూప