గుండ్రటి ప్లగ్గు

అక్కకు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. నీ మరదలి దగ్గు తగ్గింది. పిల్లది ముందు పన్ను ఊడిందని నవ్వడం మానేసింది. బావ మోకాలు ఎలా ఉందో ఈసారైనా రాయి.

నువ్వు పంపిన డబ్బీ పనిచేసిందా అని అడిగావు. చెబుతాను, కాస్త ఓపిక పట్టు. ఆసుపత్రిలో మేం రిపోర్టులు టైపు చేసే పాత కంప్యూటర్లు తీసేశారని రాశాను కదా. కొత్తవాటికి నేను ఇన్నాళ్లూ వాడుకున్న మన పాత కీబోర్డు గుండ్రటి ప్లగ్గు పట్టే చోటే లేదు. వాళ్లిచ్చిన పల్చటి కీబోర్డు మీద నా వేళ్లు దారి తప్పాయి. ఒక మందు మోతాదులో సున్నా ఎక్కువ పడింది. డాక్టరమ్మ చూసి దిద్దింది కాబట్టి సరిపోయింది. ఇంకొక్క తప్పు చేస్తే పనిలోంచి తీసేస్తామన్నారు.

బజారులో రెండు అడాప్టర్లు కొని ఒకదానికొకటి తగిలించాను. ప్లగ్గు చక్కగా దూరింది, కీబోర్డు మాత్రం ఉలకలేదు, పలకలేదు. మెకానిక్ నవ్వాడు. "దూరితే సరిపోదండీ. పాతదాని మాట కొత్తదానికి అర్థం కాదు. ఇటు మాట అటు చెప్పే చిప్పు మధ్యలో ఉండాలి," అన్నాడు. ఆ చిప్పున్న డబ్బీ కోసం నువ్వు ఎన్ని కొట్లు తిరిగావో. అది తగిలించగానే కీబోర్డు మూలన మూడు దీపాలూ వెలిగాయి. వారం నుంచి ఒక్క తప్పు లేదు. నా ఉద్యోగం నిలబెట్టావక్కా, నీ మేలు మరిచిపోను.

"నేను పెట్టి చూడలేదు, నా చేయి యంత్రాలకు అచ్చిరాదు కదా" అని కూడా రాశావు. అది చదివాక నాకు అన్నం సహించలేదు.

అప్పట్లో నువ్వు పనిచేసిన టైపు సెంటర్లో కంప్యూటర్ పాడైంది నీ వల్ల కాదు. నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు, స్విచ్ ఆపకుండా ఈ కీబోర్డు ప్లగ్గే పీకి మళ్లీ గుచ్చింది నేను. లోపల బోర్డు కాలిపోయింది. యజమాని నిన్ను మానిపించి, చచ్చిందనుకున్న కీబోర్డు నీ చేతిలో పెట్టి పంపాడు. నువ్వు దాన్నే వంటింటి బల్ల మీద పెట్టుకుని, దేనికీ తగిలించకుండానే, ఆరు నెలలు నాకు టైపు నేర్పావు. నేను నోరు విప్పలేదు. ఇరవై ఏళ్లుగా నువ్వు మళ్లీ కంప్యూటర్ జోలికి పోలేదు.

ఇప్పటికీ స్విచ్ ఆపి, రెండుసార్లు చూసుకున్నాకే ఆ ప్లగ్గు ముట్టుకుంటాను. ఎందుకంత భయమని నీ మరదలు అడుగుతుంది. ముందు నీకు చెప్పాలని ఆమెకు చెప్పలేదు. తిట్టాలనిపిస్తే తిట్టు, పడతాను. కానీ నీ చేతిని మాత్రం ఇంకెప్పుడూ ఏమీ అనకు. ఈ ఇంట్లో అందరం ఆ చేతి అన్నమే తింటున్నాం.

ఇట్లు,
ఆ రోజు స్విచ్ ఆపని నీ తమ్ముడు