కాయల చప్పుడు

అంబాజీపేట,
మంగళవారం.

ఒరే మణీ,

నా ఉత్తరం చూసి కంగారుపడతావని తెలుసు. పడు గాని ఫోన్ మాత్రం చెయ్యకు. నా ఫోన్ మీ బావ జేబులో ఉంటోంది. ఈ కాగితం మా పెరట్లో కొబ్బరికాయలు ఏరే ఎలీసమ్మ అన్నం కేరేజీలో పెట్టుకుని పట్టుకెళ్ళి పోస్టు చేస్తుంది. నువ్వు జవాబు రాస్తే ఆవిడ పేరునే రాయి. ఈ రోజుల్లో ఉత్తరాలు రాసేవాళ్ళు ఇద్దరే మిగిలేరు, కోర్టువాళ్ళూ మీ అక్కానూ.

నీ సినిమా చూసేను. అమలాపురంలో, మాట్నీకి. మీ బావే తీసుకెళ్ళేరు. మార్కెట్లో షావుకార్లందరికీ "మా బామ్మర్ది సినిమా అండీ, సౌండంతా మావోడే" అని చెప్పుకుని, ఇద్దరు ముగ్గుర్ని పెళ్ళాలతో సహా వెంటేసుకుని మరీ వచ్చేరు. తెర మీద నీ పేరు పడినప్పుడు ఈల కూడా వేసేరు. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకూ.

అయితే అదేం కథరా? హైదరాబాదులో ఎక్కడో మబ్బుల్లో ఒక ఫ్లాటు. మొగుడు ఫోన్ చూసుకుంటాడు. పెళ్ళాం కిటికీలోంచి రోడ్డు చూసుకుంటుంది. కాఫీ చల్లారిపోతుంది. లిఫ్టు పైకెళ్తుంది, కిందకొస్తుంది. వాడు పలకడు, ఆ పిల్ల అడగదు. నా పక్కసీట్లో షావుకారు గారి భార్య ముక్కు చీదుకుని, "పాపం, మాటాడే దిక్కు లేదండీ పిల్లకి" అంది. నాకు నవ్వొచ్చింది. మీ బావ నన్ను పలకరించకుండా ఫోన్ చూసుకుంటూ కూచున్న రోజున నేను దేవుడికి ఇంకో దీపం ఎక్కువ పెడతాను.

అప్పుడు పై ఫ్లాట్లోంచి ఆ చప్పుడు వచ్చింది. ధబ్ మని. ఆ పిల్ల తలెత్తి చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయింది. కాసేపాగి మళ్ళీ ధబ్ మంది. హాల్లో ఎవరూ కదల్లేదు. నేను మాత్రం రెండు చేతులూ తలమీద కప్పుకుని మోకాళ్ళలోకి ముడుచుకుపోయేను. అనుకుని చేసింది కాదురా. ఒళ్ళు దానంతటదే చేసింది. ఆ చప్పుడేంటో దానికి తెలుసు.

పోయిన వేసంగిలో నువ్వు చప్పుళ్ళు రికార్డు చేసే మిషను పట్టుకుని వచ్చేవు, గుర్తుందా? "అక్కా, కాయలు రాశిలో పడే చప్పుడు కావాలి" అన్నావు. మిషను వెనక వసారాలో పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, నువ్వు కాలవగట్టు వైపు తిరిగిరావడానికి పోయేవు. నువ్వటు వెళ్ళగానే మీ బావ నన్ను కొట్టుగదిలోకి లాక్కెళ్ళేరు. భోజనాల దగ్గర నీతో నవ్వేనంట. ఆయన మీద చెప్పుకునే నవ్వుకున్నామంట. ఎండు కొబ్బరి కురిడీలు దాచే గది కదా, తలుపు మందపాటి టేకుది. జుట్టు పట్టుకుని దానికేసి నా తల కొట్టేరు. నువ్వు హైదరాబాదు పట్టుకెళ్ళిన చప్పుడు అది. కొబ్బరికాయది కాదు, మీ అక్క తలది.

నిన్నని లాభం లేదులే. ఈ ఊళ్ళో ధబ్ మంటే కాయే అనుకుంటారు. పొద్దున్న మొదలుపెడితే చీకటి పడేదాకా ప్రతి పెరట్లోనూ అదే చప్పుడాయె. పైగా మా అత్తగారు కనకరత్నం గారికి ఒక అలవాటుంది. కొడుకు నన్ను గదిలోకి లాక్కెళ్ళడం చూస్తే చాలు, వసారాలోకొచ్చి "ఏమర్రా కూచున్నారు, కాయలు పొయ్యండి" అని కూలీల్ని అదిలిస్తారు. రాశి మీద కాయలు పడుతుంటే లోపల నేను పడ్డా బైటికి తేడా తెలీదు. పెళ్ళయిన దగ్గర్నించీ ఇంతే. నువ్వు ఫోన్లో "బాగున్నావా అక్కా" అంటే "ఆఁ, బాగానే ఉన్నాను" అనేదాన్ని. నువ్వు కూడా ఇంకో మాట అడిగేవాడివి కాదు.

హాల్లో నేను తలెత్తేసరికి మీ బావ నన్నే చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే అటూ ఇటూ చూసి లేచి బైటికి పోయేరు. ఆయనా గుర్తుపట్టేరు. పట్టకుండా ఎలా ఉంటారు, సొంత చేతిపని కదా.

ఇంటికొచ్చి తలుపేసేరు. "అక్కా తమ్ముడూ కూడబలుక్కుని నన్ను సినిమాలోకి ఎక్కిస్తారా" అంటూ బెల్టు తిరగేసి బకిలు ఒంటిమీద పడేలా కొట్టేరు. ఎడంచేతి చిటికెనవేలు పట్టుకుని వెనక్కి విరిచేరు. పుటుక్కుమంది. అదొక్కటీ నీ మిషన్లో పడలేదు, మంచి చప్పుడు. పన్నొకటి ఊడిపోతే మింగేసేను. ఉమ్మితే గచ్చు మళ్ళీ నేనే కడుక్కోవాలి కదా. ఆస్పత్రిలో మెట్లమీంచి జారిపడ్డానని చెప్పించేరు, చెప్పేను.

ఇప్పుడు అసలు సంగతి విను. వచ్చే నెలలో ఆ సినిమా ఫోన్లలోకీ టీవీల్లోకీ వస్తుందటగా. "అందులో ఆ చప్పుడు వినపడిందో, నిన్ను గునపానికి గుచ్చి కాయని వలిచినట్టు వలుస్తాను" అన్నారు. పెరట్లో కాయలు వలవడానికి పాతిన ఇనప గునపం నువ్వు చూసేవు కదా. మీ బావ ఊరికే అనే మనిషి కాదు. అందుకే బతిమాలుతున్నాను. ఆ చప్పుడు తీసెయ్యి. నా ప్రాణం కోసమే కాదు, సిగ్గుతో కూడా అడుగుతున్నాను. కాట్రేనికోన నించి కొత్తపేట దాకా అందరి ఫోన్లలో నా తల పగులుతుంటే నేను గుమ్మం దాటి మొహం ఎత్తలేను.

నీ అక్క,
లక్ష్మీతులసి


హైదరాబాదు,
శనివారం.

అక్కా,

నీ ఉత్తరం స్టూడియోలో నిలబడే చదివేను. చదివేక ఎక్కడ కూచున్నానో, ఎవరితో ఏం మాట్లాడేనో నాకు గుర్తులేదు.

మేము బైటినించి చప్పుడు తెచ్చుకున్నాక దాన్ని శుభ్రం చేస్తాం. కాకులు, మోటారు రొద, దారిన పోయేవాళ్ళ మాటలు అన్నీ తుడిచేసి, కావలసింది ఒక్కటే ఉంచుకుంటాం. తుడవకముందుది అలాగే నా దగ్గర దాచి ఉంది. నిన్న అది తీసి మొదటినించీ విన్నాను. ఒక ధబ్ కీ ఇంకో ధబ్ కీ మధ్యలో ఒక గొంతుంది. అప్పుడు పెరట్లో కూలీలెవరో మాట్లాడుకుంటున్నారనుకుని తీసిపారేసేను. అది నీ గొంతక్కా. "నెమ్మదిగా కొట్టండి, తమ్ముడొచ్చేస్తాడండీ" అంటున్నావు.

ఆ చివర నా గొంతు కూడా ఉంది. కాలవగట్టు నించి వచ్చి "అక్కా, టీ ఉందా?" అంటున్నాను. నువ్వు "ఆఁ, పెడుతున్నాన్రా" అన్నావు. అంతే, మామూలు గొంతుతోనే అన్నావు. నేను ఆ టీ తాగేను. పంచదార ఎక్కువైందని కూడా అన్నాను. నాకు అన్నం పెడుతున్న చెవులివి. వీటిని కోసి పారెయ్యాలనిపించింది. మనుషుల మధ్య దూరం గురించి సినిమా తీసేమని నేనూ మా డైరెక్టరూ ఊరంతా ఇంటర్వ్యూలిచ్చుకుంటూ తిరిగేం. నీకు నేను ఫోన్ చేసింది పండక్కీ పబ్బానికీ మాత్రమే.

ఆ చప్పుడు తీసేస్తున్నాను. డైరెక్టరు ఒప్పుకోలేదు. "జనం మెచ్చుకున్నదే దాన్ని, ఒంటరితనానికి గొంతుంటే ఇలా ఉంటుందని పేపర్లలో రాసేరు" అన్నాడు. కాలరు పట్టుకుని గోడకి అదిమేను. అప్పుడు ఒప్పుకున్నాడు. దాని బదులు నిజం కాయ చప్పుడే వేస్తాను. టీవీలో వచ్చేసరికి నీది ఉండదు, అది నా భరోసా.

ఈ చప్పుడు మార్చే పని ముగించుకుని, రేపు కాదు, పై ఆదివారం కారు తీసుకుని వస్తున్నాను. బావగారితో మాట్లాడను. ఆయన ఎదురుపడితే ఆ చేతులు రెండూ విరుస్తాను, తర్వాత నా గతి ఏమైనా కానీ. నువ్వు సంచీ కూడా సద్దకు, కట్టుబట్టలతో వచ్చి కారెక్కు.

నీ తమ్ముడు,
మణికంఠ


ఎలీసమ్మ గారిల్లు,
అంబాజీపేట,
శనివారం.

ఒరే మణీ,

రేపు నువ్వు వచ్చేక ఎలీసమ్మ నిన్ను ఇక్కడికి తీసుకొచ్చి ఈ కాగితం నీ చేతికిస్తుంది. నేను నీ ఎదురుగానే ఉంటాను గాని మాట్లాడలేను. పెదవికి కుట్లు పడ్డాయి. నా మొహం చూసి ఏడుస్తూ కూచోకుండా ముందు ఇది చదువు.

నీ ఉత్తరం నాకంటే ముందు మీ బావ చదివేరు. పోస్టుమేను ఎలీసమ్మ పేరు చూసేడు, పగలంతా ఆవిడ మా పెరట్లోనే ఉంటుంది కదాని మా గుమ్మంలోనే ఇచ్చిపోయేడు. అందుకున్నది అత్తగారు. హైదరాబాదు నించి ఎలీసమ్మకి ఉత్తరమేంటని కొడుకు చేతికిచ్చేరు.

నీకు ఒక సంగతి రాయలేదు. సినిమా చూసొచ్చిన రోజు తర్వాత మీ బావ నా ఒంటిమీద చెయ్యి వెయ్యలేదు. మార్కెట్లో ఎవరైనా నీ సినిమా మాటెత్తితే లేచి పోయేవారట. ఎవరికి తెలిసిపోయిందో, ఎవరు నవ్వుకుంటున్నారో అని రాత్రీపగలూ ఒకటే గుబులు. ఆ చప్పుడంటే అంత భయం ఆయనకి. నీ ఉత్తరం మొత్తం నా ముందే పైకి చదివి నవ్వేరు. "మీవోడు తీసేస్తాడంట" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని నా జుట్టు పట్టుకున్నారు. "ఇంక ఎవడికి వినపడుతుందే" అన్నారు.

కొట్టుగది దాకా కూడా ఆగలేదు. పెరట్లో గునపం దగ్గరికే ఈడ్చుకుపోయేరు. అత్తగారు మామూలుగా వసారాలోకొచ్చి "కాయలు పొయ్యండర్రా" అన్నారు. ఎలీసమ్మ చేతిలో తట్ట కింద పెట్టేసింది. "మేం పొయ్యమండీ" అంది. అంత మర్యాదగానూ అంది. గునపం దగ్గర కాయలు వలిచే మనుషులు కూడా చేతులు ఆపేసేరు. ఆ పెరట్లో పగటిపూట కాయ చప్పుడు లేకపోవడం నేనెప్పుడూ ఎరగను. నా మూతి మీద పడిన దెబ్బ అందరికీ వినపడింది. పెదవి రెండుగా చీలింది. మెడ పట్టుకుని నన్ను గునపం మీదకి వంచేరు. మొన ఇక్కడ, నా కంటికింద గీసుకుంది. చెప్పిన మాట మీద నిలబడే మనిషని చెప్పేను కదా.

పెనుగులాటలో రాశి మీద పడ్డాను. చేతికి పీచు వలవని కాయొకటి దొరికింది. విరిగిన వేలు గుర్తు కూడా రాలేదు. రెండు చేతుల్తో ఎత్తి ఆయన మొహాన కొట్టేను. ముక్కు నలిగిపోయింది. ఆయన తేరుకోకముందే మళ్ళీ కొట్టేను. తూలి వెనక్కి చెయ్యి ఆన్చబోతే అరచేతిలోంచి గునపం పైకి వచ్చేసింది. అరిచేరు. మీ బావ అరవడం నేను వినడం అదే మొదలు. జాలి వేస్తుందేమో అనుకున్నాను గాని వెయ్యలేదు. మూడోసారి కూడా కొట్టేదాన్నే, ఎలీసమ్మ వాటేసుకుని లాగేసింది.

ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. కేసు ఇద్దరి మీదా ఉంది, నేను కొట్టేనని ఆయనా, ఆయన కొట్టేరని నేనూ. ఆయన చేతికి చిల్లు అందరికీ కనపడుతోంది. నా పెదవికి జవాబు కూడా వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది, కలియబడ్డప్పుడు తగిలిందంట. "ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క దెబ్బ వెయ్యలేదండీ, ఇదే పిచ్చెక్కి మీద పడింది" అని అత్తగారు దేవుడి మీద ఒట్టేసి చెబుతున్నారు. ఆ మాటే నిలబడితే నేను జైలుకి పోతాను. ఇన్నేళ్ళలో ఒక్క రోజుకి సాక్ష్యం నీ దగ్గరుంది. తుడవని దాన్ని మొత్తం స్టేషన్‌లో వినిపించు. అత్తగారు కాయలు పొయ్యమనడం కూడా అందులో ఉండి ఉండాలి.

సినిమాలో ఆ చప్పుడు తియ్యకు. తియ్యమని కాళ్ళావేళ్ళా పడింది నేనే. కాదనను. అప్పుడు నాకు సిగ్గేసింది. తీసేస్తున్నావని చదివి ఆయన నవ్విన నవ్వు చూసేక, ఆ సిగ్గు నేను పడవలసింది కాదని తెలిసింది. దెబ్బ అలాగే ఉంచు. నువ్వు తుడిచేసిన నా గొంతు దాని పక్కన మళ్ళీ పెట్టు. పై ఫ్లాట్లో పడుతున్నది మనిషని మీ డైరెక్టరుకి చెప్పు. మొగుడు పలకలేదని కిటికీ దగ్గర కూచుని ఏడ్చే ఆ పిల్లని కూడా, ఒక్కసారి లేచి పైకెళ్ళి ఆ తలుపు కొట్టమను.

"అక్కా, టీ ఉందా" అన్న నీ మాట కూడా తియ్యొద్దు. నా జవాబూ తియ్యొద్దు. అంత దెబ్బ తిని కూడా ఆడది టీ ఎలా పెడుతుందో జనాన్ని విననీ.

చదవడం అయిపోయిందిగా. స్టేషన్‌కి తర్వాత వెళ్దాం. ఎలీసమ్మ వంటింట్లో పాలున్నాయి. లేచి టీ పెట్టు, ముగ్గురికీ. పంచదార తక్కువ వెయ్యి.

నీ అక్క,
తులసి