కూతురికి పంచిన పాలు

వార్డు జనన రిజిస్టరు అధికారి గారి సముఖమునకు,
గౌలిపుర, 12 డిసెంబరు 1949.

అయ్యా,

విషయం: నా కూతురిని కొడుకుగా రాసినందున, తిరిగి కూతురుగా రాయించుట గురించి.

గౌలిపురలో ఎనిమిది బర్రెల ఆసామి పెంటయ్య, వయస్సు యాభై ఎనిమిది, సంతోషము పట్టలేక చేయు మనవి.

1. పెండ్లి అయిన ఇరవై రెండేండ్లకు, మొన్నటి ఆగస్టు పదిహేనున, తమరు దఫ్తరు ముందర జెండా ఎగురవేయుచుండగా, నా భార్య రుక్మాబాయి ఆడపిల్లను కన్నది. తమ చాయకు పాలు తెచ్చి నేను అక్కడే నిలబడి ఉంటిని. ఢిల్లీలో పెద్ద పుస్తకము రాస్తున్నారని, అందులో ఆడ, మగ అని సర్కారు తేడా చూడదని తమరు చెప్పగా ఈ రెండు చెవులతో విన్నాను. అంతలోనే ఇంటి నుంచి కబురు వచ్చింది. ఖాళీ పాలబిందె పట్టుకొని ఎగిరినాను. తమరు చూసి నవ్వినారు గూడ.

2. మా పాలవాండ్లలో కొడుకు పుడితే వాడకట్టుకు పాలు, కూతురు పుడితే మజ్జిగ పంచుట రివాజు. తమ మాట విన్న నేను, స్వాతంత్ర్యము వచ్చినాక గూడ మజ్జిగేనా అని ఇంటింటికీ చిక్కటి పాలే పోసినాను. తమ గుమాస్తా రామలింగయ్య గారింటికి గూడ పోసినాను. అక్కడే కొంప మునిగింది. వారు ఆ పాలు తాగి, నన్ను అడగకనే రిజిస్టరులో 'కొడుకు' అని రాసినారు.

3. టీకా చీటీ కోసం పోతే సంగతి బయటపడింది. దిద్దమని గుమాస్తా గారిని బతిమాలగా జరిగిన ముచ్చట:

"పెంటన్నా, మా ఇంటికి పాలొచ్చినయా లేదా? పాలొస్తే కొడుకే. ఆడబిడ్డయితే మజ్జిగ పొయ్యాలె గద! తప్పు నీదే."

"ఒక్కపారి మా బిడ్డను కండ్లతోని చూడుండ్రి సాబ్!"

"చూసుడెందుకే? నీ పెద్ద పుస్తకంల ఆడ, మగ ఒకటే అన్నరంట గద. మరి ఏది రాస్తే ఏంది?"

అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు నాలుగో దినము బర్రె పిండుతుండగా దొరికింది. తేడా చూడవద్దన్నారు గానీ, బిడ్డను దాచిపెట్టమనలేదు. కొడుకుగా రాస్తేనే సమానమయ్యేటట్టయితే ఆ పుస్తకము ఎందుకు, మా పాత రివాజే చాలు గద?

4. మా అన్న కొడుకు కొండల్ మాత్రం "కాకా, అట్లనే ఉండనీ, కాయితంలనన్న కొడుకుంటడు" అన్నాడు. రుక్మాబాయి ఆ దినము నుంచి వానికి చాయ బంద్ చేసింది.

పోయిన నెల ఆ పుస్తకము పూర్తయిందని, జనవరిలో అమలని వాడకట్టువారు పేపరు చదివి వినిపించినారు. ఆ లోపల నా బిడ్డ రాజమణి, ఆడబిడ్డగానే, అందులోకి అడుగుపెట్టవలెనని నా ఆశ. తమరు చల్లని మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెంటయ్య
(రాజమణి తండ్రి)

తా.క. ఈ అర్జీతో ఒక చెంబు పంపుతున్నాను. మజ్జిగ పోస్తే కూతురని ఇట్టే రాస్తానని గుమాస్తా గారు కబురు చేసినారు. నా బిడ్డ పేరున మజ్జిగ పోయను. చెంబులో ఉన్నవి పాలే. తాగి, కూతురని రాయించగలరు.