మూడో మడత

మిల్‌బ్రూక్, కాన్సస్
12 అక్టోబరు 1987

చెల్లి వెర్లీన్‌కి,

అక్క ఐడెల్లా దీవెనలు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అంతా కులాసా. మీ ఆయన దగ్గు తగ్గిందని తలుస్తాను.

అమ్మ పెట్టె అడుగున దొరికిన పిండిసంచి గౌను మ్యూజియంకి ఇస్తున్నానని చెప్పాగా. ఒకరి తర్వాత ఒకరం తొడుక్కున్నదే. కరువు రోజుల్లో ఇక్కడి తల్లులు పిల్లలకి ఏం కుట్టారో జనానికి చూపిస్తారట. గంజి పెట్టి ఇస్త్రీ చేసి ఇవ్వమని ఫోన్లో నన్ను చంపుకుతిన్నావు. నలిగిన గుడ్డ అద్దాల బీరువాలో పెట్టించి అమ్మ పరువు తీస్తావా అక్కా అన్నావు. నిజమే, ఇస్త్రీ లేని గుడ్డని అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు.

సరేనని ఇస్త్రీపెట్టె పట్టుకునే వెళ్ళాను. అక్కడ బట్టలు చూసుకునే ట్రెస్సా, మన బేకరీవాళ్ళ కోడలు, ముందు ఇస్త్రీపెట్టెని నా చేతిలోంచి లాక్కుంది. మరకైనా మడతైనా చెరపకూడదట, అదే చరిత్రట. కాఫీ ఇచ్చి, గౌను అంచు దీపం కింద పెట్టి, ఒక్కో పిల్ల పొడుగుకి అమ్మ మడిచి కుట్టిన గీతలు చూపించింది. అన్నిటికంటే కింది మడత నాది, పొడుగుదాన్ని కదా. దాని పైది నీది. నీ మడతకీ పైన ఇంకొకటి ఉంది.

"ఇంత పొట్టిపిల్ల ఎవరు ఐడెల్లా గారూ? బోర్డు మీద ఇద్దరు అక్కచెల్లెళ్ళని రాసేశామే!"

నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఇస్త్రీ చేస్తే ఆ గీత పోతుంది, నీ మాటా నెగ్గుతుంది, ఎవరూ ఏమీ అడగరు. ఇంటికొచ్చి కోళ్ళకి గింజలు వేశాను. సూపు కాచి, తినకుండా కూర్చున్నాను.

శుక్రవారం ప్రదర్శన తెరుస్తారు. నువ్వు రావాలి. బస్సు దగ్గరికి కారు తెస్తాను.

నీ అక్క,
ఐడెల్లా

తా.క. ఆ మడత ఓపల్‌ది. మన ఇద్దరి మధ్య పుట్టిన పిల్ల. దుమ్ముగాలుల ఏడాది ఊపిరాడక పోయింది, ఆరేళ్ళకే. నువ్వు పాలు తాగే పిల్లవి. ఆ తర్వాత ఇంట్లో దాని పేరెత్తనివ్వలేదు అమ్మ. ఇవాళ పొద్దున ట్రెస్సాకి ఫోన్ చేసి ముగ్గురని రాయమన్నాను. పేరేమిటంది. ఇన్నేళ్ళకి నోరు తిరగలేదు, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. నువ్వు బడికెళ్ళే ఏడు అమ్మ ఆ అంచు విప్పి నీకు దించడం చూశాను. గౌనంతా ఇస్త్రీ చేసింది. ఆ గీత దగ్గరికొచ్చేసరికి పెట్టె ఎత్తేసింది.