కార్లు రాని దారి

శ్రీధర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ అమెరికాలో, మన బాతెల్ ఊళ్లో నీతో సైకిల్ తొక్కే కిరణ్ పొద్దున్నే వచ్చి తన ఫోన్ చూపించాడు. "అన్న పోయే ముందు ఫ్రాన్స్‌లో సైకిల్ రైడ్ ప్లాన్ చేసి నాకు షేర్ చేశాడు వదినా. మీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

చెప్పొద్దన్నావంటే ఏదో ఉందనే కదా. పొలాల మధ్య కంకర దారి, కార్లు రానే రావు. రోజుకు పదిహేను మైళ్లే, ఎక్కడా ఎత్తు లేదు. కొండ కనబడితే ఎక్కకుండా ఉండలేని నువ్వు అలాంటి దారి ఎంచుకోవడమేమిటి? పైగా రాత్రుళ్లు ఆగడానికి చూసిన గదులన్నీ ఇద్దరికి.

"రెండో మనిషి ఎవరు?" అన్నాను.

"నన్నైతే రమ్మనలేదు వదినా," అని కిరణ్ నేలకేసి చూశాడు. ఎవరినో దాస్తున్నాడనుకున్నాను.

ఫోన్ లాక్కుని, ప్రతి గది కిందా నువ్వు రాసుకున్నది చదివాను. "రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చన్నారు." ఒకచోట, "కుక్కర్ వద్దన్నారు, వేరే గది చూడాలి."

నువ్వు బ్రెడ్డుతో వారం గడిపేసేవాడివి. రాత్రికి అన్నం లేకపోతే ఉండలేనిదీ, వెనక కారు వినబడితే సైకిల్ దిగి నిలబడిపోయేదీ నేను.

మరి నాకెందుకు చెప్పలేదు? చెబితే వద్దంటానని నీ అనుమానం.

నిజమే. అనేదాన్నే.